గోడమీది నా మొక్కజొన్న

చార్టు సారు నా పొలం ఫొటో గోడకి తగిలించాడు. అడిగి తగిలించలేదు, చెప్పి తగిలించలేదు. రైతు శిక్షణ కేంద్రం హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా, గడియారం కింద, రెండడుగుల పొడవున, ప్లాస్టిక్ పొర వేయించి మరీ నాలుగు మూలలా మేకులు కొట్టించాడు. పడిపోయిన మొక్కజొన్న. అంచులు మాడిపోయిన ఆకులు. ఓ పక్కన గట్టు మీద నేను విప్పి పెట్టిన చెప్పులు కూడా పడ్డాయి ఫొటోలో. కింద పెద్ద అక్షరాలు: "పొటాష్ వేయని పొలం. రైతులారా, ఈ తప్పు మీరు చేయకండి."

ఆ తప్పు నేను చేశానట. పొటాష్ అవసరం లేదని కాగితం మీద రాసి, ముద్ర కొట్టి నా చేతికిచ్చిన మనిషే, వేయలేదని నన్ను గోడకెక్కించాడు.

నేను ఆరో తరగతి దాటలేదు. రాయడం నాకు అలవాటైన పని కాదు. కానీ ఈ సంగతి నోటితో చెప్తే నాలుగో మాటకే గొంతు పెరిగిపోతోంది, వినేవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతున్నారు. కాగితం లేచిపోదు కదా. అందుకని రాస్తున్నాను.

మా నాన్న పోయేముందు ఉన్న రెండెకరాలూ పంచాడు. మెరక మీద ముప్పాతిక ఎకరం నాకు, కింద కాలువ పక్కనున్న ఎకరం పావు అక్కకు. ఆయన మంచాన పడ్డ మూడేళ్లూ చాకిరీ చేసింది అక్కే, కాబట్టి ఆ పంపకంలో నాకు ఏనాడూ పేచీ లేదు. అక్క బావతో కలిసి టౌన్లో ఉంటుంది, బావకి టైర్ల షాపు. పందొమ్మిదేళ్లుగా పై మడీ కింది మడీ నేనే చేస్తున్నాను. కింది మడిలో పండినదాంట్లో సగం అక్కకు. మిగతా సగం నాకు లేకపోతే ముప్పాతిక ఎకరం మీద ఇల్లు గడవదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, అక్కకి మరీ బాగా తెలుసు.

నిరుడు కోతలయ్యాక అక్కా బావా పొలానికొచ్చారు. బావ పంపుషెడ్డు అరుగు మీద కూర్చుని, అక్క వాటా బస్తాలు చూసి తల గోక్కున్నాడు.

"బావమరిదీ, నీ వ్యవసాయం నాకు అంతుపట్టట్లేదయ్యా. నేను టైరుకి పంచరు వేస్తే అరగంటలో బండి కదుల్తుంది. నువ్వు ఆర్నెల్లు పంచరు వేస్తూనే ఉంటావు, గాలి మాత్రం నిలవదు."

"నేల టైరు కాదు బావా."

"కాదులే. టైరైతే ఈపాటికి మార్చేసుందును."

అక్క నవ్వలేదు. ఇటుకల బట్టీ ఆయన కింది మడి కొంటానని కబురు పెట్టాడని అప్పుడు చెప్పింది. ఆయనకి కావలసింది పొలం కాదు, మట్టి. మనిషి నిలువెత్తు తవ్వి తీసుకుపోతాడు.

"ఇచ్చేస్తావా అక్కా?"

"ఒక్క పంట చూస్తాన్రా. ఎకరానికి ముప్పై బస్తాలు దింపు. దింపావా, ఆ పొలం నువ్వు బతికున్నన్నాళ్లూ నీ చేతిలోనే ఉంటుంది, పిల్లలకి కూడా నేనే చెప్తా. దింపలేదా, నన్ను తిట్టుకోకు. నాకూ ఇల్లుంది."

ఇరవై రెండు దాటి నాకు ఏ ఏడూ రాలేదు. అయినా సరేనన్నాను. ఇంకేమంటాను?

అలా వెళ్లాను చార్టు సారు దగ్గరికి. అతన్నందరూ ఎదురుగానే అలా పిలుస్తారు, అతనికీ ఇష్టమే. బండి వెనక ప్లాస్టిక్ గొట్టం కట్టుకుని, అందులో చార్టులు చుట్టుకుని తిరుగుతాడు. ప్రతి బుధవారం మధ్యాహ్నం కేంద్రంలో పాఠం. హాల్లో ముప్పై కుర్చీలు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కింది కుర్చీ సారుది. ఆ ఏడు కొత్తగా పోషకాల ప్రణాళిక అని మొదలుపెట్టారు. మన మట్టి మనమే తీసి తేవాలి. వాళ్లు పెద్దాఫీసుకి పంపి పరీక్ష చేయించి, ఏ మడికి ఏ ఎరువు ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో కాగితం మీద రాసిస్తారు. వంద వేసే చోట వంద, సున్నా వేసే చోట సున్నా. ఇదే నాకు కావలసింది అనుకున్నాను. పందొమ్మిదేళ్లు గుడ్డిగా చల్లానేమో, అందుకే ఇరవై రెండు దగ్గర ఆగిపోయానేమో అనుకున్నాను.

మట్టి తీసే పద్ధతి సారు చార్టు మీద చూపించాడు. నేను పరీక్షకి పోయే పిల్లాడిలా బట్టీ పట్టాను. గట్టు దగ్గర తీయకూడదు. చెట్టు నీడన తీయకూడదు. పేడకుప్ప పోసిన చోట తీయకూడదు. మడిలో వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల జానెడు లోతు గుంట తవ్వి, గుంట పక్క నుంచి పైనుంచి కిందిదాకా పలచగా చెక్కాలి. అంతా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయాలి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ అలాగే. అరకిలో మిగిలేదాకా.

అలాగే చేశాను. మా ఆవిడ గడప మీద కూర్చుని చూస్తోంది.

"బంగారం తూచినట్టు తూస్తున్నావేంటి? మట్టేగా!"

"మట్టి కాదే, నమూనా."

"అబ్బో! నిన్నటిదాకా కాళ్లకంటుకుంటే మట్టి, ఇవాళ నమూనా."

అంటూనే నా పాత చొక్కా చేతిని కత్తిరించి చిన్న సంచీ కుట్టిచ్చింది. అది పట్టుకుపోయి కేంద్రంలో అటెండరుకిచ్చాను. అతను వేలుపెట్టి చూసి, "పచ్చిగా ఉందన్నా. ఆరాక పంపుతాంలే, అక్కడ పెట్టు" అన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, ఇంట్లో ఖాళీ ఎరువు సంచులుంటే ఓ నాలుగు తెచ్చి పడేయమన్నాడు. ఆఫీసువాళ్లు గుడ్డముక్క కూడా ఇవ్వరట, ఏదైనా చేతి నుంచి పెట్టుకోవాల్సిందేనట. మన పని చేసిపెట్టే మనిషి నోరు తెరిచి అడిగితే కాదంటామా? మర్నాడే ఐదు పొటాష్ సంచులు దులిపి, మడతపెట్టి పట్టుకెళ్లిచ్చాను. ఒకదానికి మూల చిరిగి ఉంటే, చిరుగు సంచి ఇస్తే ఏం బాగుంటుందని మా ఆవిడ నీలం దారంతో కుట్టి మరీ ఇచ్చింది.

మూడు వారాలకి కాగితం వచ్చింది. ఓటర్ల జాబితాలో తప్ప నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. నత్రజని తక్కువ, ఎర్ర గీత. భాస్వరం మధ్యస్థం, పసుపు గీత. పొటాష్ చాలా ఎక్కువ, ఆకుపచ్చ గీత, గళ్లు దాటి బయటికి పోయింది. కింద ప్రణాళిక. యూరియా మూడు దఫాలు, ఏ దఫా ఎన్నో రోజున, ఎన్ని కిలోలు. పశువుల ఎరువు ఇన్ని బళ్లు. పొటాష్ ఎదురుగా "అవసరం లేదు".

ఆ బుధవారం లేచి నిలబడి అడిగాను. అడగలేదని ఎవరూ అనడానికి వీల్లేదు.

"సారూ, కాలువ పక్క మడి కదా, ఇసుక పాలు ఎక్కువ. నీళ్లతోపాటే బలం కిందికి దిగిపోతుంది. ఏటా పొటాష్ వేస్తేనే కంకి కొసదాకా గింజ కట్టేది. అలాంటి నేలలో చాలా ఎక్కువ ఎలా వస్తుంది?"

సారు నవ్వాడు. "ఏటా వేశావు కాబట్టే పేరుకుపోయిందయ్యా. ఇనప్పెట్టెలో దాచుకున్నట్టు. ఇప్పుడు తీసుకుని వాడుకో."

"ఇసుకలో ఎక్కడ దాక్కుంటుంది సారూ?"

"ఎంతవరకు చదివావు?"

"ఆరు."

"మిషన్ నీకంటే ఒక క్లాసు ఎక్కువే చదువుకుందిలే. కూర్చో."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అదే నాకిప్పటికీ మింగుడుపడదు. నా నేల గురించి నాకు తెలిసిన మాట నేను చెప్తే, దాన్ని చూసి పదిమందితో కలిసి నేనూ పళ్లికిలించాను. తర్వాత సారు చూపించిన చోట సంతకం పెట్టాను. సంతకం పైన చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో ఉంది. చదవలేదు.

పై మడికి ప్రణాళిక లేదు. రైతుకి ఒక్క నమూనాకే ఒప్పుకున్నారు. అందుకని అక్కడ ఎప్పటిలాగే నా పద్ధతిలోనే పొటాష్ చల్లాను. అర బస్తా మిగిలింది. మా ఆవిడ దాన్ని చూపించింది.

"దాన్నెందుకు ఎలకలకి పెట్టుకోవడం? కింది మడిలో చల్లెయ్యి."

"కాగితంలో వద్దని ఉంది."

"కాగితం మన పొలం చూసిందా?"

"నీకేం తెలుసే? చదువుకున్నోళ్లు పరీక్ష చేసి రాసిచ్చారు. ఎక్కువైతే అదీ నష్టమే."

"సరే నాయనా. బడిలో ఉన్నప్పుడు పంతులు చెప్పింది ఒక్కటీ రాయలేదు గానీ, నలభై ఏడేళ్లకి బుద్ధిమంతుడయ్యాడు మా ఆయన."

కోపమొచ్చి గట్టిగా అరిచాను. ఆ పూట తను నాతో మాట్లాడలేదు. కాగితాన్ని పంపుషెడ్డు గోడకి అంటించి, ఏ దఫా వేశానో ఆ దఫా ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ పోయాను. నిజం చెప్పాలంటే ఆ టిక్కు పెడుతుంటే సంతోషంగా ఉండేది. జీవితంలో మొదటిసారి పాఠం సరిగ్గా అప్పజెప్తున్నట్టు ఉండేది.

పైరు ఏపుగా వచ్చింది. నల్లగా, దట్టంగా, మడిలోకి దిగితే మనిషి కనపడనంత. ఓ ఆదివారం అక్కా బావా వచ్చి చూశారు. బావ గట్టు మీద నిలబడి ఈలేశాడు.

"ఏం బావమరిదీ, ఈసారి గాలి నిలిచేట్టుందే!"

అక్క ఒక ఆకుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మొదలు నుంచి కొసదాకా నిమిరింది. "నాన్న చేసినప్పుడు కూడా ఇలా లేదురా" అంది. ఆ మాటకి వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

కంకి పీచు వేసే టైముకి కింది ఆకుల అంచులు పసుపెక్కాయి. నాలుగు రోజుల్లో మాడాయి. కొస నుంచి మొదలై అంచు వెంబడి పాకుతోంది మాడు, మధ్య ఈనె మాత్రం పచ్చగానే ఉంది. సారుకి ఫోన్ చేశాను. నీళ్లు చాలనట్టున్నాయి, తడి పెట్టమన్నాడు. పెట్టాను. మళ్లీ చేస్తే యూరియా వేడి అన్నాడు. మూడోసారి ఎత్తలేదు. అప్పటికి పొటాష్ వేసినా చేసేదేమీ లేదని నాకు తెలుసు. మా ఆవిడ ఆ అర బస్తా వైపు ఒక్కసారి చూసింది, నా వైపు చూడలేదు. ఒక్క మాట అన్నా బాగుండేది.

తర్వాత గాలి వచ్చింది. పెద్ద గాలి కూడా కాదు, పంపుషెడ్డు మీద రేకు కూడా కదల్లేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే కింది మడి మొత్తం చాపలా పరుచుకుని ఉంది. కాండాలు కణుపు దగ్గర పుటుక్కున విరిగాయి. లోపల బెండు. పక్కనే గట్టెక్కితే పై మడిలో ఒక్క మొక్క ఒరగలేదు. అదే విత్తనం, అదే గాలి, నీళ్లు పెట్టింది ఇవే చేతులు.

ఈసారి ఫోన్ చేయకుండానే సారు వచ్చాడు. ఎవరో చెప్పారట. చెప్పులు గట్టు మీదే వదిలి నేను మడిలోకి దిగాను. అతను బూట్లకి మట్టి అంటకుండా పైనుంచే, ఫోన్ అడ్డంగా నిలువుగా తిప్పి ఓ ఇరవై ఫొటోలు తీశాడు.

"ఎంత స్పష్టంగా ఉన్నాయయ్యా లక్షణాలు! పుస్తకంలో కూడా ఇంత బాగా ఉండవు. పొటాష్ వేయలేదా నువ్వు?"

"మీరే వద్దన్నారు సారూ."

"నేనెక్కడన్నాను? రిపోర్టు అంది."

అని బండెక్కి వెళ్లిపోయాడు. కింది మడి మొత్తానికి ముప్పై ఏడున్నర బస్తాలు రావాలి అక్కకి మాటిచ్చిన లెక్కన. వచ్చినవి పద్నాలుగు, అందులోనూ సగం కంకులకి కొసన పళ్లూడిన చిగుళ్లే. పై మడి ముప్పాతిక ఎకరంలో పదిహేడొచ్చాయి.

శుక్రవారం పూట కేంద్రానికి వెళ్లాను. పాఠం లేని రోజు. హాల్లో ఎవరూ లేరు. వెనక గది తలుపు బార్లా తీసి ఉంది. ఆ గదిలోకి మమ్మల్ని ఎప్పుడూ రానివ్వలేదు. నేరుగా వెళ్లిపోయాను.

నేల మీద వరసగా ఎరువు సంచులు పరిచి ఉన్నాయి. సంచికి నాలుగైదు చొప్పున మట్టి కుప్పలు, కుప్ప కుప్పకీ పేరు రాసిన చీటీ. ఇంకో ఇరవై మంది పొలాలు ఆరుతున్నాయి అక్కడ. కిటికీ పక్క సంచికి మూలన నీలం దారం.

మోకాళ్ల మీద కూర్చుని ఆ కుట్టు దగ్గర సంచి మడత విప్పి చూశాను. మడతలో ఎర్రగా పొటాష్ రవ్వ. చెయ్యి పెట్టి రాస్తే వేళ్లకి అంటుకుంది. మా ఇంట్లో దులిపేశాననుకున్నాను. సంచి ఎంత దులిపినా పోతుందా? అరకిలో మట్టి లెక్క తప్పడానికి చిటికెడు చాలదూ!

వెనకనుంచి అటెండరు వచ్చాడు. "ఏంటన్నా, ఏమన్నా పడిపోయిందా?"

"నా మట్టి కూడా ఇక్కడే ఆరబెట్టావా?"

"మరింకెక్కడ? నీ సంచి మీదే పోశాగా, శుభ్రంగా కుట్టేసి ఉందని. నీ మట్టికి నీ సంచే మర్యాద అని."

పాపం, అతను నవ్వుతూనే చెప్పాడు. నేను లేచి తలుపు ధడాలున వేశాను. ఆ తలుపు వెనక, ఎప్పుడూ గోడవైపే తిరిగి ఉండే పక్కన, పాఠంలో చూపించిన చార్టే ఇంకొకటి ఉంది. మట్టి నమూనా జాగ్రత్తలు. ఆరోది: "ఎరువుల సంచుల మీద మట్టి ఆరబెట్టరాదు." పక్కన ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ మార్కు. పాఠంలో గట్టు, నీడ, పేడకుప్ప దాకా చెప్పి సారు చార్టు చుట్టేశాడు. ఆరబెట్టడం ఆఫీసు పని కదా, మాకెందుకనుకున్నాడు.

సారు టీ గ్లాసుతో వచ్చాడు. చెప్పాను. వేళ్లు చూపించాను. కుట్టు చూపించాను. చార్టు చూపించాను. ఒక్క గుటక తాగి, గ్లాసు కిటికీలో పెట్టాడు.

"నమూనా తీసింది నువ్వు. సంచులిచ్చింది నువ్వు. సంతకం పెట్టింది నువ్వు. నమూనాకి పూర్తి బాధ్యత నాదేనని ఆ సంతకం మీద రాసుంది. చదువుకోలేదా?"

"ఆరే చదివానని మీకు తెలుసు కదా సారూ. ఆ రోజు నవ్వారు కూడా."

"గొంతు తగ్గించు."

"తగ్గించను. మా అక్క పొలం పోతోంది. ఈ ఇరవై కుప్పలూ ఎవరివి? వీళ్లందరికీ కూడా పొటాష్ వద్దని రాసిస్తారా?"

"వాటి సంగతి నేను చూసుకుంటాను. నీకేమైనా ఉంటే రాసివ్వు."

అక్కడే నిలబడి అరపేజీ రాశాను. అక్షరాలు కొండలెక్కాయి. సారు చదివి, జేబులోంచి పెన్ను తీసి, రెండు తప్పులకి సున్నాలు చుట్టి వెనక్కిచ్చాడు. "శుభ్రంగా రాసుకురా." ఆ కాగితం అతని మొహం మీద కొట్టలేదు నేను. ఎందుకు కొట్టలేదా అని ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటున్నాను. శుభ్రంగా రాసి మళ్లీ ఇచ్చాను. నాలుగు నెలలైంది.

అక్కకి ఫోన్లో చెప్పే ధైర్యం లేక టైర్ల షాపుకి వెళ్లాను. బావ చక్రం విప్పుతున్నాడు. అక్క గల్లాపెట్టె దగ్గరుంది. సంచులు, దారం, చార్టు, సంతకం, అన్నీ చెప్పాను. బావ ఒక్క జోకు వేయలేదు. పానా కింద పెట్టి, నాకు స్టూలు జరిపి, షాపు ముందుకెళ్లి నిలబడ్డాడు.

అక్క గల్లాపెట్టె మూసి అడిగింది.

"ఆ నేలకి పొటాష్ కావాలని నీకు తెలీదూ?"

"తెలుసక్కా."

"పందొమ్మిదేళ్లు వేశావుగా?"

"వేశాను."

"మరదలు కూడా వేయమందట కదా?"

నేను తలూపాను.

"నేను పొలమిచ్చింది నీకురా. కాగితానికి కాదు."

అని లేచి లోపలికెళ్లిపోయింది. తిట్టుకోకు అని ముందే చెప్పింది కాబట్టి తిట్టుకోవట్లేదు. మరుసటి నెలలోనే రాతకోతలైపోయాయి. ఇటుకల బట్టీ ఆయన పొక్లెయిన్ దింపాడు. పది చోట్ల జానెడు లోతున నేను చెక్కిన మట్టి ఎనిమిది రోజుల్లో లారీలెక్కి పోయింది. ఇప్పుడందులో పొటాష్ ఎంతుందో ఇటుకల్ని అడగాలి. ఆ గొయ్యి పక్కన నా పై మడి నిలబడి ఉంది. పెట్టిన తడి పెట్టినట్టే గోతిలోకి దిగిపోతోంది.

ఆ చీటీల మీద గుర్తున్న పేర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, కాగితంలో పొటాష్ వద్దని ఉంటే నమ్మొద్దని. నలుగురు నమ్మారు. మిగతావాళ్లు, సారు చదువుకున్నవాడు కదా అన్నారు. నేనన్న మాటే.

ఇంతలో గోడ మీద ఫొటో వెలిసింది. మొన్న బుధవారం హాలు నిండుగా ఉండగా లేచి, ఆ రాత కింద ఇంకొక్క లైను రాయించమని అడిగాను: "ఈ పొలానికి పొటాష్ అవసరం లేదని రాసిచ్చింది మేమే." సారు ఫొటో వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

"చోటు లేదయ్యా. కూర్చో."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, కూర్చోనూ లేదు.

గోడ మీద చోటు లేదు కాబట్టి ఆ లైను ఇక్కడే రాస్తున్నాను: ఆ పొలానికి పొటాష్ అవసరం లేదని రాసిచ్చింది వాళ్లే. ఆ పొలమంటే, ఫొటోలో నా చెప్పులున్న గట్టుతో సహా, కాలువ పక్కన, పందొమ్మిదేళ్లు నేను దున్నిన నేల, ఎకరం పావు.